స్మార్ట్‌ఫోన్‌లో వైబ్రేషన్ మోటారు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్ వైబ్రేట్ కావడం మానేసింది. మోటారు పోయినట్టేనా?

అంత త్వరగా ఆ నిర్ణయానికి రాకూడదు. మోటారు మార్చడం పెద్ద కష్టం కాదు. పోయింది మోటారేనని తేల్చుకోవడమే కష్టం. అందుకే ముందుగా సెట్టింగులు చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్‌కు, నోటిఫికేషన్లకు, తెరను తాకినప్పటి స్పందనకు వేర్వేరు వైబ్రేషన్ సెట్టింగులు ఉంటాయి. వీటిలో ఒకటి ఆగిపోయి మిగిలినవి మామూలుగా పనిచేస్తుంటే, లోపం మోటారులో లేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. బ్యాటరీ సేవర్ ఆన్ అయి ఉన్నా కొన్ని ఫోన్లలో వైబ్రేషన్ తగ్గుతుంది లేదా ఆగుతుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ విభాగంలోని టచ్ మెనూలో వైబ్రేషన్ అనే ఐచ్ఛికం ఒకటి ఉంది. దాన్ని ఆపేస్తే అత్యవసర హెచ్చరికలకు కూడా ఫోన్ కదలదు. ఎప్పుడో పొరపాటున ఆపేసిన ఆ ఒక్క ఐచ్ఛికం కోసం ఫోన్ విప్పడం కంటే వృథా శ్రమ ఉండదు.

సెట్టింగులన్నీ సరిగానే ఉన్నాయి. ఫోన్ విప్పకుండా పరీక్షించే మార్గం ఉందా?

ఉంది. చాలా కంపెనీల ఫోన్లలో హార్డ్‌వేర్ పరీక్షా మెనూ దాగి ఉంటుంది. అనేక శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# అని, షావోమీ ఫోన్లలో *#*#6484#*#* అని నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుంది. అందులో వైబ్రేషన్ పరీక్షను ఎంచుకున్నప్పుడు ఫోన్ కదిలితే మోటారు, దానికి కరెంటు అందే దారి రెండూ బాగున్నట్టే. లోపం సాఫ్ట్‌వేర్‌లో వెతకాలి. కదలకపోతే ఫోన్‌ను నిశ్శబ్దంగా ఉన్న చోట చెవికి ఆనించి అదే పరీక్ష మళ్లీ చేయాలి. సన్నని గర్జన వినిపించి చేతికి ఏమీ తెలియకపోతే, మోటారు తిరుగుతోంది గానీ దాని బరువు ఊడిపోయిందో, మోటారే దాని గూటి నుంచి వదులైందో అనుకోవచ్చు. పరీక్ష నడుస్తుండగా మోటారు ఉన్నచోట వెనకవైపు వేలితో మెల్లగా తట్టినప్పుడు ఒక్కసారిగా జుమ్మని మొదలైతే, లోపల తిరిగే భాగానికి తగులుతూ కరెంటు అందించే బ్రష్‌లు అరిగి ఉండవచ్చు, లేదా కాంటాక్టు సరిగా అంటుకోక పోయి ఉండవచ్చు.

అన్ని ఫోన్లలో ఉండేది ఒకే రకం మోటారు కాదా?

కాదు. ఈ పనిలో చాలా తప్పులకు మూలం అలా అనుకోవడమే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది బరువు తిరిగే రకం, అంటే ఈఆర్‌ఎం. ఇది అక్షరాలా ఒక చిన్న డీసీ మోటారు, అంటే ఒకే దిశలో పారే కరెంటుతో నడిచేది. దాని ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన బరువు తగిలించి ఉంటుంది. అది గిర్రున తిరిగినప్పుడు సమతూకం తప్పి ఫోన్ అంతా అదురుతుంది. ఇందులో మళ్లీ రెండు ఆకారాలు ఉన్నాయి. ఒకటి సన్నని గొట్టంలా ఉండి చివర అర్ధచంద్రాకారపు బరువు బయటికే కనిపిస్తుంది. రెండోది నాణెంలా చప్పగా, సాధారణంగా 8 లేదా 10 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. బరువు మూత లోపలే దాగి ఉంటుంది. గొట్టం రకంలో బరువుకు తరచుగా టంగ్‌స్టన్ మిశ్రమం వాడతారు. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 8 గ్రాముల లోపే ఉంటే టంగ్‌స్టన్‌ది 19 గ్రాములకు పైనే. గింజంత బరువు అరచేతిలోని ఫోన్‌ను అదిలించగలగడం వెనక ఉన్న కిటుకు అదే. ఈ మోటార్లు దాదాపు 3 వోల్టులతో, నిమిషానికి 10,000 చుట్ల ప్రాంతంలో తిరుగుతాయి. అంటే సెకనుకు సుమారు 167 కంపనాలు.

రెండోది ముందుకు వెనక్కు ఊగే రకం, అంటే ఎల్‌ఆర్‌ఏ. ఇందులో తిరిగే భాగమంటూ ఏదీ లేదు. స్ప్రింగుకు కట్టిన అయస్కాంతపు బరువు ఒకటి, కాయిల్ ఒకటి ఉంటాయి. కాయిల్‌లో కరెంటు దిశ మారుతున్నకొద్దీ బరువు అటూ ఇటూ ఊగుతుంది. ఆ స్ప్రింగుకు సహజంగా ఉండే అనునాద పౌనఃపున్యం దగ్గర, అంటే తరచుగా 150 నుంచి 235 హెర్ట్‌జ్‌ల (సెకనుకు అన్ని ఊపుల) మధ్య ఏదో ఒక చోట, తక్కువ కరెంటుతోనే గట్టి కదలిక వస్తుంది. ఇది త్వరగా మొదలై త్వరగా ఆగుతుంది కాబట్టి కీబోర్డు అక్షరం తాకినప్పుడు టక్కుమనే పొట్టి స్పందన ఇవ్వగలదు. తిరిగే మోటారు వేగం అందుకుని మళ్లీ ఆగేలోపు ఆ టక్కు కాస్తా బర్రుమనే శబ్దమవుతుంది. ఐఫోన్ 6ఎస్‌తో 2015లో ఫోన్లలోకి వచ్చిన ట్యాప్టిక్ ఇంజన్ (ఆపిల్ తన వైబ్రేషన్ మోటారుకు పెట్టుకున్న పేరు) ఈ రెండో కుటుంబానికి చెందినదే. ఎల్‌ఆర్‌ఏ తరచుగా దీర్ఘచతురస్రపు డబ్బాలా ఉంటుంది. కానీ నాణెం ఆకారంలోనూ ఎల్‌ఆర్‌ఏలు ఉన్నాయి. కాబట్టి పైకి చూసి రకం చెప్పలేం. మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్‌లో గానీ, విడిభాగం వివరాల్లో గానీ సరిచూసుకోవాలి.

మోటారును బయటికి తీసి బ్యాటరీకి కలిపి చూశాను. ఒక్కసారి టక్కుమని ఊరుకుంది. పోయినట్టే కదా?

అది ఎల్‌ఆర్‌ఏ అయితే పోలేదు. బాగానే ఉందని చెప్పడానికి ఆ ఒక్క టక్కే నిదర్శనం. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిశలో పారే కరెంటు. దానికి బరువు ఒక పక్కకు జరిగి అక్కడే ఆగిపోతుంది. కలిపినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి మాత్రమే కదులుతుంది. అది నిరంతరం ఊగాలంటే సరైన పౌనఃపున్యంలో దిశ మారే కరెంటు కావాలి, ఫోన్‌లోని డ్రైవర్ చిప్ చేసే పని అదే. పాత మోటార్లకు అలవాటైన పరీక్షను కొత్త రకానికి వర్తింపజేసి, చక్కగా ఉన్న భాగాన్ని చెత్తబుట్టలో వేయడం నా దృష్టిలో ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు. పైగా కాయిల్‌కు అలా కరెంటును ఎక్కువసేపు ఇస్తే అది వేడెక్కి నిజంగానే పాడవుతుంది.

తిరిగే రకం మోటారుకు మాత్రం బ్యాటరీ పరీక్ష చెల్లుతుంది. 1.5 వోల్టుల సెల్‌తో మొదలుపెట్టి, కదలకపోతే రెండు సెల్‌లతో 3 వోల్టులు ఇచ్చి చూడాలి. అంతకు మించి ఇవ్వకూడదు.

మల్టీమీటరుతో ఏం తెలుస్తుంది?

కాయిల్ తెగిందా లేదా అన్నది తెలుస్తుంది. మోటారును బోర్డు నుంచి విడదీశాక రెండు కాంటాక్టుల మధ్య నిరోధాన్ని కొలవాలి. బాగున్న మోటారు రకాన్ని బట్టి కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల వరకు చూపుతుంది. మీటరు అనంతం చూపితే తీగ తెగింది లేదా బ్రష్ కమ్యుటేటర్‌కు (ఇరుసు మీద బ్రష్‌లు రాసుకునే లోహపు ముక్కల వలయానికి) తగలడం లేదు. సున్నాకు దగ్గరగా చూపితే లోపల షార్ట్ అయింది. గొట్టం రకంలో బరువును వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ కొలిస్తే, ఒక్కో స్థానంలో అంకె మారుతుంది. ఏదో ఒక స్థానంలో మాత్రమే అనంతం చూపితే కమ్యుటేటర్ మీద ఒక భాగం కాలిపోయిందని అర్థం. అలాంటి మోటారు ఒకసారి తిరిగి ఇంకోసారి మొరాయిస్తుంది. ఇక కాయిల్ బాగుండి స్ప్రింగు విరిగిన ఎల్‌ఆర్‌ఏను మాత్రం మల్టీమీటరు పట్టుకోలేదు. అది మంచిదానిలాగే అంకె చూపిస్తుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే లోపల ఏదో తాకుతున్నట్టు చప్పుడు వస్తుంది.

అసలు ఈ మోటారు ఎందుకు పాడవుతుంది?

తిరిగే రకంలో కారణాలు రెండు: బ్రష్‌ల అరుగుదల, తేమ. వెంట్రుకంత సన్నగా ఉండే బ్రష్‌లకు కొద్దిపాటి తుప్పు చాలు, మోటారు బిగుసుకుపోతుంది. నీళ్లలో పడిన ఫోన్ ఎండాక అన్నీ పనిచేసి ఇదొక్కటే పనిచేయకపోవడానికి కారణం అదే. ఎల్‌ఆర్‌ఏలో బ్రష్‌లు లేవు కాబట్టి అరుగుదల దాదాపు ఉండదు. ఫోన్ గట్టిగా కిందపడినప్పుడు స్ప్రింగు వంగడం, బరువు అంచుకు రాసుకోవడం దాని ప్రధాన జబ్బులు.

మోటారుకు సంబంధం లేని కారణాలు ఇంకా ఎక్కువ. చాలా ఫోన్లలో మోటారు నేరుగా మదర్‌బోర్డుకు కాకుండా, అడుగున ఉండే ఛార్జింగ్ బోర్డుకు కలుస్తుంది. ఆ బోర్డు నుంచి పైకి వెళ్లే ఫ్లెక్స్ కేబుల్ (పట్టీలా పలచగా, వంగేలా ఉండే కేబుల్) కనెక్టరు కొంచెం లేచినా, బోర్డులోకి నీరు చేరినా వైబ్రేషన్ ఆగుతుంది. ఈ మధ్యే ఛార్జింగ్ బోర్డు మార్పించిన ఫోన్ అయితే ముందు ఆ బోర్డునే అనుమానించాలి.

బ్యాటరీ మార్పించిన మర్నాటి నుంచే వైబ్రేషన్ లేదు. రెంటికీ సంబంధం ఉందా?

చాలావరకు ఉంటుంది. ఉదాహరణకు ఐఫోన్ 8లో బ్యాటరీని అతికించిన జిగురు పట్టీలలో కొన్నింటి అంచులు ట్యాప్టిక్ ఇంజన్ కింద ఉంటాయి. బ్యాటరీ తీయాలంటే ముందు దాన్ని తీయాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు కనెక్టరు పూర్తిగా కూర్చోకపోయినా, స్క్రూలు తారుమారైనా ఇలా జరుగుతుంది. కొత్త మోటారు కొనేముందు ఫోన్‌ను మళ్లీ తెరిచి ఆ కనెక్టరును ఒకసారి తీసి పెట్టించడం మంచిది.

ఫోన్ ఆపకుండా వైబ్రేట్ అవుతూనే ఉంది. మోటారు మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. మోటారు తనంతట తాను తిరగదు. దానికి ఎక్కడి నుంచో కరెంటు వస్తూనే ఉంది. రీస్టార్ట్ చేసినా, మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని సేఫ్ మోడ్‌లో పెట్టినా ఆగకపోతే డ్రైవర్ భాగం షార్ట్ అయి ఉంటుంది. అది బోర్డు మరమ్మతు.

కొత్త మోటారును ఎలా ఎంచుకోవాలి?

మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఒకే పేరుతో అమ్మిన ఫోన్లకు వేర్వేరు మోడల్ సంఖ్యలు, లోపల వేర్వేరు భాగాలు ఉండవచ్చు. సెట్టింగులలో లేదా ఫోన్ వెనక ఉండే పూర్తి మోడల్ సంఖ్యను చూసుకుని, వీలైతే పాత భాగాన్ని తీసి పక్కన పెట్టుకుని పోల్చుకున్నాకే కొనాలి. వ్యాసం, మందం, కాంటాక్టుల తీరు మూడూ సరిపోవాలి. మందంలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా వెనక మూత ఉబ్బుతుంది, లేదా మోటారు గూటిలో కదులుతుంది.

ఎల్‌ఆర్‌ఏ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆకారం అచ్చుగుద్దినట్టు ఉన్నా అనునాద పౌనఃపున్యం వేరైతే ఫలితం పేలవంగా ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు నెడితే ఎత్తుకు వెళుతుంది, తప్పు సమయంలో నెడితే ఊపే పోతుంది కదా, ఇదీ అంతే. ఫోన్ 175 హెర్ట్‌జ్‌ల సంకేతం పంపుతుంటే 205 హెర్ట్‌జ్‌లకు తయారైన భాగం బలహీనంగా స్పందిస్తుంది. కొన్ని డ్రైవర్ చిప్‌లు అనునాదాన్ని తామే వెతికి సర్దుకుంటాయి గానీ అన్నీ అలా చేయవు. అందువల్ల ఎల్‌ఆర్‌ఏకు అసలు భాగమే తీసుకోవాలి, లేదా పాడైన అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన భాగమైనా ఫరవాలేదు. అరుగుదల లేని భాగం కాబట్టి, కిందపడని ఫోన్ నుంచి తీసిన పాతది నాసిరకం కొత్తదాని కంటే మేలని నా అభిప్రాయం. తిరిగే రకానికి మాత్రం పాతది తీసుకోవడం వ్యర్థం.

ఏ పరికరాలు కావాలి?

ఆ ఫోన్ స్క్రూలకు సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ ఓపెనింగ్ పిక్కులు, స్పడ్జర్ (భాగాలను, కనెక్టర్లను లేపే చదును మొన పుల్ల), సక్షన్ కప్పు, ట్వీజర్, వేడి చేయడానికి హీట్ గన్ లేదా హీటింగ్ ప్యాడ్, గాఢత 90 శాతానికి పైగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త జిగురు పట్టీ. ఐఫోన్‌లకు ఐదు రేకుల పెంటలోబ్ బిట్టు, ఐఫోన్ 7 నుంచి లోపలి స్క్రూలకు మూడు కొనల బిట్టు కూడా అవసరం. ఇంకో మాట: ఎల్‌ఆర్‌ఏలో బలమైన అయస్కాంతం ఉంటుంది. బల్ల మీద పడేస్తే చిన్న స్క్రూలన్నీ వెళ్లి దానికే అతుక్కుంటాయి. ఇనుప రజను అంటుకుంటే వదిలించడం కష్టం. దాన్ని విడిగా కాగితం మీద పెట్టుకోవాలి.

ఫోన్‌ను తెరిచే క్రమం ఏమిటి?

మొదట డేటా బ్యాకప్ తీసుకోవాలి. తర్వాత ఛార్జ్ 25 శాతం కంటే కిందికి దిగేదాకా వాడాలి. నిండుగా ఉన్న లిథియం బ్యాటరీకి పొరపాటున దెబ్బ తగిలితే ప్రమాదం ఎక్కువ. ఫోన్ స్విచాఫ్ చేసి, సిమ్ ట్రే తీసేయాలి. ట్రే లోపల ఉండగానే మూత లాగి దాన్ని విరగ్గొట్టుకునేవారు ఉంటారు.

జిగురుతో అతికించిన వెనక మూత అయితే అంచులను చేతికి బాగా వెచ్చగా తగిలేంత వరకు, కొద్ది నిమిషాలు సమంగా వేడిచేయాలి. వేడి ఒకే చోట నిలపకూడదు, బ్యాటరీ ఉన్న మధ్య భాగాన్ని తప్పించాలి. జిగురు మెత్తబడ్డాక సక్షన్ కప్పుతో లేపి, వచ్చిన సందులో పిక్కును కొన్ని మిల్లీమీటర్లే దూర్చి చుట్టూ నడపాలి. తొందర పనికిరాదు. పవర్ బటన్, వేలిముద్ర సెన్సర్ కేబుళ్లు మూతకే అతికి ఉండే ఫోన్లు ఉన్నాయి. పిక్కు లోతుగా వెళితే అవి తెగిపోతాయి. మూత లేచాక ఒక్కసారిగా లాగకుండా, పుస్తకం తెరిచినట్టు తెరిచి కేబుల్ ఎటువైపు ఉందో చూసుకోవాలి.

లోపలి రేకులు తీసిన వెంటనే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టరును ప్లాస్టిక్ స్పడ్జర్‌తో విడదీయడం. ఇది పూర్తయ్యేదాకా ఇంకే కనెక్టరునూ ముట్టుకోకూడదు. తీసిన ప్రతి స్క్రూను అది ఉన్న స్థానం గీసుకున్న కాగితం మీద అతికించుకోవాలి. ఇది చాదస్తం కాదు. పొడవైన స్క్రూను పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే అది కిందున్న బోర్డులోని సన్నని తీగలను తెంపేస్తుంది. వైబ్రేషన్ కోసం మొదలైన పని చచ్చిన ఫోన్‌తో ముగుస్తుంది.

పాత మోటారును తీసి కొత్తది పెట్టేటప్పుడు ఏం గమనించాలి?

నాణెం రకం మోటారు గూటిలో రెండు వైపుల జిగురున్న టేపుతో అంటుకుని ఉంటుంది. అంచు కింద స్పడ్జర్ దూర్చి లేపాలి గానీ తీగలు పట్టి లాగకూడదు. పాత టేపును ఆల్కహాల్‌తో శుభ్రం చేసి కొత్త టేపు వేయాలి. మోటారు గూటికి ఎంత గట్టిగా అంటుకుంటే కదలిక అంత బాగా ఫోన్ చట్రానికి చేరుతుంది. వదులుగా ఉంటే కొత్త మోటారైనా గరగరమంటుంది. అలాగని పైన జిగురు పోసి బిగించకూడదు. గొట్టం రకంలో అది తిరిగే బరువును పట్టేస్తుంది.

స్ప్రింగు కాంటాక్టులున్న ఫోన్‌లో బోర్డు మీది బంగారు పూత మెరుస్తూ ఉండాలి. నల్లబడితే ఆల్కహాల్‌తో తుడిచి, స్ప్రింగులు అణగిపోయి ఉంటే ట్వీజర్‌తో వెంట్రుక వాసి పైకి లేపాలి. నేను చూసినంతలో, మోటారు మార్చకుండానే ఇక్కడితో బాగయ్యే ఫోన్లు చాలానే ఉంటాయి. తుడిచేటప్పుడు ఆల్కహాల్ మోటారు లోపలికి పోకుండా చూడాలి. బోర్డును అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేసేముందు మోటారును తప్పక తీసేయాలి.

తీగలు సోల్డరింగ్ చేయాల్సి వస్తే? ఎరుపు, నలుపు తారుమారైతే ప్రమాదమా?

మామూలు బ్రష్ మోటారులో తీగలు తారుమారైతే అది ఎదురు దిశలో తిరుగుతుంది, అంతే; వైబ్రేషన్‌లో తేడా తెలియదు. అయినా బ్రష్‌లు లేని తిరుగుడు మోటార్లూ ఉన్నాయి, వాటి లోపల చిప్ ఉంటుంది, వాటికి ధన రుణ ధ్రువాలు తప్పకూడదు. అందుకని ఎప్పుడూ పాతదాని క్రమాన్నే అనుసరించడం మేలు. సన్నని మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌ను 350 డిగ్రీల సెల్సియస్ మించకుండా ఉంచి, ప్యాడ్ (తీగ అతికే లోహపు చుక్క) మీద సోల్డర్ చక్కగా అంటుకునేలా ఫ్లక్స్ రాసి, రెండు మూడు సెకన్లలో ముగించాలి. అంతకంటే ఎక్కువసేపు నిలిపితే ప్యాడ్ ఊడి వస్తుంది. బ్యాటరీ తగిలించి ఉండగా సోల్డరింగ్ చేయనే కూడదు.

కొత్త మోటారు వేసినా ఫలితం లేదు. ఇప్పుడేమిటి?

మూత అతికించకముందే పరీక్షించి ఉంటే ఈ ప్రశ్న తక్కువ బాధతో ఎదురయ్యేది. బ్యాటరీ తాత్కాలికంగా కలిపి, పరీక్షా మెనూలో మోటారు కదలడం చూశాకే జిగురు వేయాలి. కదలకపోతే ముందు కనెక్టర్లను మళ్లీ కూర్చోబెట్టాలి, తర్వాత ఛార్జింగ్ బోర్డు ఫ్లెక్స్ కేబుల్‌ను మార్చి చూడాలి. అప్పటికీ రాకపోతే, తిరిగే రకం మోటారున్న ఫోన్‌లో పరీక్ష నడుస్తుండగా కాంటాక్టుల దగ్గర వోల్టేజీ కొలవాలి. వోల్టేజీ వస్తుంటే మోటారు లేదా కాంటాక్టు తప్పు. రాకపోతే డ్రైవర్ తప్పు. ఎల్‌ఆర్‌ఏ ఉన్న ఫోన్‌లో డీసీ స్కేలు మీద ఏమీ కనిపించదు, దిశ మారే కరెంటుకు వాడే ఏసీ స్కేలు పెట్టాలి.

వైబ్రేషన్ వస్తోంది గానీ మునుపటిలా లేదు. అలవాటు పడాల్సిందేనా?

బలహీనంగా ఉంటే పౌనఃపున్యం తేడానో, టేపు పట్టు లేకపోవడమో కారణం. శబ్దం ఎక్కువై కదలిక తక్కువైతే మోటారు దేనికో రాసుకుంటోంది. ఒకసారి తెరిచి గూటిని చూడాలి. అలవాటు పడటం చివరి మార్గం.

మార్చాక ఫోన్ నీటిని తట్టుకుంటుందా?

దుమ్మును, నీటిని ఫోన్ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ68 వంటి రేటింగ్ కంపెనీలో అతికించిన జిగురుకు వర్తిస్తుంది. పాత జిగురును పూర్తిగా గీకేసి, ఆ మోడల్‌కు కోసిన కొత్త పట్టీ వేస్తే చెమటకు, తుంపరలకు ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ, ఒకసారి తెరిచిన ఫోన్‌ను నీళ్లలో ముంచి చూడకూడదు.

మోటారు మార్చకుండా అలాగే వాడుకోవచ్చా?

ఎక్కువ ఫోన్లలో వాడుకోవచ్చు. రింగ్‌టోన్ ఉంటే చాలనుకునేవారికి తొందరేమీ లేదు. అయితే ఐఫోన్ 7, 8 వంటి వాటిలో హోమ్ బటన్ నిజంగా లోపలికి నొక్కుకునే బటన్ కాదు. నొక్కినట్టు అనిపించే ఆ భావన ట్యాప్టిక్ ఇంజన్ నుంచే వస్తుంది కాబట్టి, అది పోతే బటన్ చచ్చినట్టు తోస్తుంది. వినికిడి లోపం వల్ల కాల్‌ను, అలారాన్ని చేతి స్పర్శతోనే గుర్తించేవారికైతే ఇది వెంటనే చేయించాల్సిన మరమ్మతు. లోపల షార్ట్ అయిన మోటారును, ఫోన్ నీళ్లలో పడ్డాక ఆగిన మోటారును కూడా అలాగే వదిలేయకూడదు. మొదటిదాని వల్ల డ్రైవర్ చిప్‌కు హాని జరగవచ్చు. రెండోది లోపల ఇంకెక్కడో తుప్పు మొదలైందని చెప్పే సూచన కావచ్చు.

ఏ సందర్భంలో ఈ పని సొంతంగా చేయకూడదు?

వారంటీ ఇంకా ఉంటే, బ్యాటరీ ఉబ్బి మూత లేచి ఉంటే, మడతపెట్టే తెర ఉన్న ఫోన్ అయితే, లోపం డ్రైవర్ చిప్‌లో ఉందని తేలితే చేయకూడదు. అతికిన గాజు వెనక మూతలున్న ఫోన్లతో మొదటిసారి ప్రయత్నించడం కూడా సలహా ఇవ్వదగినది కాదు. వాడకంలో లేని పాత ఫోన్ ఒకటి ఉంటే, అది విప్పి మళ్లీ బిగించాక అసలు దాని మీద చేయి వేయవచ్చు.